యుద్ధం సంగతి తర్వాత, ముందు నీళ్ల ట్యాంకర్ సంగతి అడగండి

హైదరాబాద్ బాలాపూర్ చుట్టుపక్కల, యుద్ధం నుంచి తప్పించుకుని వచ్చినవాళ్లుండే బస్తీలకి కొత్తగా వచ్చే వాలంటీర్లు మొదటి రోజు చేసే తప్పు దాదాపు ఎప్పుడూ ఒకటే. చాప మీద కూర్చోగానే నోట్‌బుక్ తీసి, "అక్కడ ఏం జరిగిందమ్మా?" అంటారు. చెడ్డ ఉద్దేశంతో కాదు. చెప్పుకుంటే బరువు దిగుతుందని మనందరికీ ఒక నమ్మకం. ఆమె చెబుతుంది కూడా. శరణార్థి కార్డు కోసం, దుప్పట్లు పంచేవాళ్ల కోసం, పోలీసు వెరిఫికేషన్ కోసం, కెమెరాతో వచ్చిన విలేకరి కోసం అదే కథ ఎన్నిసార్లు చెప్పిందో. చెప్పకపోతే వచ్చే సాయం ఆగిపోతుందేమోనని భయం. కథ విన్న వాలంటీర్ సాయంత్రం బండెక్కి దిల్‌సుఖ్‌నగర్ వెళ్లిపోతాడు. ఆ రాత్రి నిద్ర లేకుండా గడిపేది ఆమె.

ఇది మా అభిప్రాయం ఒక్కటే కాదు. పెద్ద ఆపద దాటొచ్చినవాళ్లని వెంటనే కూర్చోబెట్టి, ఒక్క సిట్టింగులో జరిగిందంతా చెప్పించే పద్ధతి ఒకప్పుడు బాగా నడిచింది. దానివల్ల తర్వాతి జబ్బు తగ్గలేదని, కొందరికి ఇంకా ఎక్కువైందని తేలాక, ఆ పద్ధతి వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. తనంతట తాను చెబితే ఆపకుండా వినాలి, అంతే. తవ్వకూడదు.

ఈ ఊళ్లో యుద్ధం తగిలినవాళ్లు అంటే అందరికీ ముందు గుర్తొచ్చేది రోహింగ్యాలు. 2012 గొడవల తర్వాత కొందరు, 2017 ఆగస్టు తర్వాత ఇంకొందరు మయన్మార్‌లోని రఖైన్ నుంచి బంగ్లాదేశ్ మీదుగా ఇక్కడికి చేరారు. అద్దె జాగాల్లో టార్పాలిన్ గుడిసెలు, కూలి పని, తుక్కు ఏరడం. కానీ వాళ్లొక్కరే కాదు. ఉస్మానియా, ఇఫ్లూ విశ్వవిద్యాలయాల్లో చదివే సూడాన్, యెమెన్, అఫ్గాన్ విద్యార్థులున్నారు. చదువుకోవడానికి వచ్చారు, వెనకాల ఊరు కాలిపోయింది. మన తెలుగు పిల్లలూ ఉన్నారు: 2022లో ఉక్రెయిన్ బంకర్ల నుంచి ఆపరేషన్ గంగా విమానాల్లో వచ్చిన ఎంబీబీఎస్ వాళ్లు, 2023 ఏప్రిల్‌లో ఆపరేషన్ కావేరీతో సూడాన్ నుంచి వచ్చినవాళ్లు, 2025 జూన్‌లో ఇరాన్ నుంచి, ఇజ్రాయెల్ నుంచి ఆపరేషన్ సింధుతో వచ్చినవాళ్లు, సహాయకుల ఉద్యోగమని నమ్మి వెళ్లి రష్యా సైన్యంలో ఇరుక్కున్న కుర్రాళ్ల ఇళ్లవాళ్లు. వీళ్లు ఎల్బీనగర్‌లోనో కూకట్‌పల్లిలోనో మన పక్క ఫ్లాట్‌లోనే ఉంటారు. ఎవరూ వాళ్లని బాధితులుగా లెక్కేయరు.

వీళ్లలో ఎందరికి డాక్టరు కావాలి? యుద్ధం చూసిన ప్రాంతాల్లో దాదాపు అయిదుగురిలో ఒకరికి, అంటే 22 శాతం మందికి, ఏదో ఒక మానసిక సమస్య ఉంటుందని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క కట్టింది. తేలికపాటి ఆందోళన నుంచి తీవ్రమైన జబ్బు దాకా అన్నీ కలిపితేనే ఆ అంకె. దాన్ని తిప్పి చదవండి: అయిదుగురిలో నలుగురికి కావలసింది డాక్టరు కాదు. నిద్ర, తిండి, అద్దె, పిల్లల బడి, ఒక తోడు. మిగిలిన ఒక్కరిలోనూ చాలామందికి శిక్షణ పొందిన బస్తీ మనిషి ఐదారు వారాలు సాయపడితే సరిపోతుంది. 2007లో అంతర్జాతీయ సహాయ సంస్థలు కలిసి రాసుకున్న మార్గదర్శకాల్లో నాలుగు అంతస్తుల పిరమిడ్ బొమ్మ ఒకటుంది. అడుగున భద్రత, తిండి, నీళ్లు. దానిపైన కుటుంబం, ఇరుగుపొరుగు. మూడో అంతస్తులో శిక్షణ పొందిన మామూలు మనుషులు. కొసన మాత్రమే డాక్టర్లు. మనవాళ్లు ఎప్పుడూ కొస నుంచి మొదలుపెడతారు. బస్తీలో సైకియాట్రిస్టుతో క్యాంపు పెట్టి, ఫ్లెక్సీ కట్టి, ఫొటో దిగి వెళ్లిపోతారు.

మరి మొదటి రోజు ఏం అడగాలి? నీళ్లు ఎట్లా వస్తున్నాయని అడగండి. ట్యాంకర్ ఎన్ని రోజులకోసారి వస్తుంది, పొయ్యి మీదికి ఏముంది, ఎవరికైనా జ్వరమా, ఇల్లు గలవాడు ఏమంటున్నాడు. ఇవి పైపై మాటలు కావు. మనిషి ఎట్లా ఉన్నాడో వీటి జవాబుల్లోనే కనిపిస్తుంది. ట్యాంకర్ వచ్చినా బిందె పట్టుకుని లేవడం లేదంటే, పొయ్యి వెలిగించి రెండు రోజులైందంటే, అది ఏ ప్రశ్నావళికన్నా గట్టి సూచన. మానసిక ప్రథమ చికిత్స అని 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన పద్ధతి మూడే మాటలు: చూడు, విను, కలుపు. చుట్టూ ప్రమాదం ఏదైనా ఉందా, ఎవరు మరీ కుంగి ఉన్నారో చూడాలి. పక్కన కూర్చుని వినాలి. కావలసిన చోటికి కలపాలి. మూడోదే కష్టం, ఎందుకంటే కలపడానికి మన దగ్గర ముందే చిట్టా ఉండాలి. ఆ బస్తీకి దగ్గర ఆరోగ్య కేంద్రం, అంగన్‌వాడీ, బడి హెడ్మాస్టరు, ఉచిత న్యాయ సహాయం, నమ్మకమైన ఆటో. ఈ కాగితం లేకుండా బస్తీలో అడుగు పెట్టకపోవడమే మంచిది.

మాట గురించి ఒక ముచ్చట. రోహింగ్యా భాషలో బాధ చెప్పుకునే మాటల్లో 'చింతా లాగెర్', 'అశాంతి లాగెర్' అనేవి రెండు. చింత, అశాంతి. తెలుగువాడికి అనువాదం అక్కర్లేదు! అసలు 'డిప్రెషన్', 'ట్రామా' అని మొదలుపెడితేనే తలుపు మూసుకుంటుంది. వాళ్ల దృష్టిలో అవి పిచ్చికి మారుపేర్లు. మన ఇళ్లలో మాత్రం వేరేనా? 'డిప్రెషన్ ఉందా' అంటే మావాడికేం కాలేదంటారు. 'మనసు మనసులో ఉండట్లేదా' అంటే గంటసేపు చెబుతారు. ఎక్కువమంది మనసు మాట కూడా ఎత్తరు: ఒళ్లు నొప్పులు, గుండె దడ, కడుపులో మంట, అరికాళ్ల తిమ్మిర్లు. నాటకం అనుకోవద్దు. నెలల తరబడి బిగబట్టుకున్న కండరాలు నిజంగానే నొప్పెడతాయి. ఇక్కడే వీధిలోని ఆర్‌ఎంపీ డాక్టరుకి గిరాకీ. ఒక గ్లూకోజ్ సీసా, ఒక 'బలం సూది', నాలుగు నిద్రమాత్రలు. ఐదొందలు ఖర్చు, రెండు రోజుల హాయి, మూడో రోజు మళ్లీ మామూలే.

ఆ నిద్రమాత్రల సంగతి ఇక్కడే చెప్పేస్తాం. ఆల్ప్రజోలం లాంటివి ఘటన జరిగిన మొదటి నెలలో ఆ భయానికి, దడకి మందుగా ఇవ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకం. వారాల తరబడి వాడితే అలవాటుగా మారతాయి. అలవాటైనవాళ్లు ఒక్కసారిగా మానేస్తే ఒళ్లు వణుకు, అసలు నిద్ర లేకపోవడం, ఒక్కోసారి ఫిట్స్ కూడా. అందుకని ఎవరి దగ్గరైనా స్ట్రిప్ కనబడితే లాక్కుని పారేయకండి. ఎన్నాళ్లుగా, రోజుకి ఎన్ని వేసుకుంటున్నారో రాసుకుని, డాక్టరు చేత మెల్లగా తగ్గించాలి.

ఇక గ్రూపు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో విడుదల చేసిన 'ప్రాబ్లమ్ మేనేజ్‌మెంట్ ప్లస్' అన్నది దిగులునీ రోజువారీ సమస్యల్నీ ఎదుర్కోవడం నేర్పే పద్ధతి, దానికి డిగ్రీలు అక్కర్లేదు. శిక్షణ, ఆ తర్వాత ప్రతి వారం పైనుంచి చూసే ఒక అనుభవజ్ఞుడు ఉంటే చాలు. ఐదు వారాలు, వారానికోసారి. ఒక్కరికే అయితే గంటన్నర, గ్రూపుకైతే ఇంకాస్త ఎక్కువ. ఆరుగురి నుంచి ఎనిమిది మంది. పదిమందైతే ఇద్దరే మాట్లాడతారు, మిగతావాళ్లు టీ తాగి పోతారు. ఆడవాళ్లకి వేరే, మగవాళ్లకి వేరే. ఒకే ఇంటి అత్తాకోడళ్లని ఒకే గ్రూపులో కూర్చోబెడితే కోడలు ఐదు వారాలూ నోరు విప్పదు.

ఎప్పుడు పెట్టాలన్నది ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండదు, గ్రూపులు కూలేది మాత్రం అక్కడే. పొద్దున పెడితే మగవాళ్లు లేబర్ అడ్డా మీద ఉంటారు. రోజు కూలీ వదులుకుని మీ దగ్గరికి రారు, రమ్మనకూడదు కూడా. శుక్రవారం జుమా నమాజు అయ్యాక, భోజనాలు చేశాక మగవాళ్లు దొరుకుతారు. ఆడవాళ్లకి మధ్యాహ్నం మూడు నుంచి ఐదు. కానీ ట్యాంకర్ రోజు తప్పించండి. హారన్ వినబడగానే ఎనిమిది మందీ డ్రమ్ములు, బిందెలు పట్టుకుని లేస్తారు, తిరిగొచ్చేది ముగ్గురు. చిన్నపిల్లల్ని తీసుకొస్తారు కాబట్టి పక్కనే ఇంకో చాప, ఇంకో వాలంటీర్, కాసిని రంగు పెన్సిళ్లు. లేకపోతే తల్లి చెవి ఇటు, కన్ను అటు. చోటు మసీదు కమిటీ గది గానీ, అంగన్‌వాడీ గానీ అయితే బాగు. ఎవరి గుడిసెలోనైనా పెట్టారంటే ఆ ఇంటావిడ ఐదు వారాలూ గ్రూపు సభ్యురాలు కాదు, టీలు పెట్టే మనిషి.

మొదటి వారం శ్వాస నేర్పుతాం. చూడ్డానికి తేలిక, తప్పులు ఎక్కువ జరిగేది ఇక్కడే. ముందు భుజాలు రెండుసార్లు వెనక్కి తిప్పి వదిలేయమనండి, మెడ మెల్లగా అటూ ఇటూ. ఒక చెయ్యి బొడ్డు మీద. మనసులో మూడు లెక్కపెడుతూ ముక్కుతో లోపలికి, మూడు లెక్కపెడుతూ బయటికి. చెయ్యి లేవాలి, ఛాతీ కాదు. అంతే. మనం 'గట్టిగా ఊపిరి పీల్చండి' అన్నామంటే చెడిపోయినట్టే. టీవీలో చూసిన ప్రాణాయామం అనుకుని భస్త్రిక మొదలుపెడతారు. గబగబా పెద్ద ఊపిరులు తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి తల తిరుగుతుంది, వేళ్లు, పెదాలు చిమచిమలాడతాయి, గుండె ఇంకా కొట్టుకుంటుంది. సరిగ్గా ఏ దడ తగ్గాలని వచ్చారో అదే వస్తుంది. "పెద్దగా కాదమ్మా, మెల్లగా" అని ప్రతిసారీ చెప్పాలి. ఇంకో తప్పు కళ్లు మూసుకోమనడం. మామూలు మనిషికి చీకటి విశ్రాంతి. కొందరికి ఆ చీకట్లోనే అన్నీ కనిపిస్తాయి. కళ్లు తెరిచే, చాప అంచు మీదో గోడ మీదో చూపు నిలిపి చెయ్యొచ్చు. దడ మొదలైనప్పుడే చేస్తామంటే అప్పటికి చేత కాదు. పొద్దున ఒకసారి, ఇషా నమాజు తర్వాతో రాత్రి అన్నం తిన్నాకో ఒకసారి, మూడేసి నిమిషాలు రోజూ చేసి ఉంటేనే అవసరానికి పనికొస్తుంది.

రెండో వారం 'సమస్య'. దీని మీదే మా పక్షపాతం. పీడకలలు పోవడం మన చేతిలో లేదు, అద్దె గొడవ కొంతైనా ఉంది. మనిషి ముందు 'అన్నీ సమస్యలే' అంటారు. వాటిని మూడు కుప్పలు చేయాలి: ఏదైనా చేయగలిగినవి, ఎవరూ ఏమీ చేయలేనివి, ఇప్పటికిప్పుడు ముఖ్యం కానివి. చదువు రానివాళ్లయితే చింతగింజలు పెట్టి చేయించండి, ఒక్కో గింజ ఒక్కో సమస్య. చేయగలిగిన కుప్పలోంచి తేలికైనది ఒక్కటి తీయాలి. అతి పెద్దది తీస్తే మొదటి వారమే ఓడిపోతారు.

ఒక ఉదాహరణ. 'బాబు చదువు పాడైపోతోంది' అని ఆమె అంటే, అది ఇంకా సమస్య కాదు, బెంగ. అడుగుతూ పోతే తేలేదేమిటంటే, ఆధార్ లేదని బడిలో చేర్చుకోలేదు. ఎవరు చెప్పారు? అటెండర్. హెడ్మాస్టరుని కలిశారా? లేదు. ఇప్పుడు అది సమస్య అయింది. ఇక మార్గాలు చెప్పమనండి, మంచీ చెడ్డా చూడకుండా: ఇంకో బడి, మదర్సా, ట్యూషన్, హెడ్మాస్టరుని కలవడం, వదిలేయడం. 'వదిలేయడం' కూడా గింజ పెట్టాల్సిందే, తీసేస్తే మనకి నచ్చే జవాబులే చెబుతారు. హెడ్మాస్టరుని కలవడం ఎంచుకుంటే: ఏ రోజు, ఎన్ని గంటలకి, తోడు ఎవరు, ఏం అనాలి. విద్యాహక్కు చట్టం 2009లో సెక్షన్ 14 ప్రకారం వయసు ధ్రువపత్రం లేదన్న కారణంతో బడిలో చేర్చుకోకపోవడం కుదరదు. ఆ మాట ఒక కాగితం మీద తెలుగులో రాసి ఆమె చేతికివ్వండి. వచ్చే వారం ఏమైందో అడగండి. వాలంటీరే ఫోన్ తీసి "సార్, నేను ఫలానా సంస్థ నుంచి" అని పని చేసేశాడంటే పిల్లాడికి సీటు వస్తుంది, ఆమెకి మాత్రం ఏమీ రాదు. తర్వాతి ప్రతి పనికీ ఆమె అతని ఫోన్ కోసం చూస్తుంది. అతను మూడు నెలల్లో ఉద్యోగం మారతాడు. (ఇల్లు ఖాళీ చేయిస్తామని బెదిరింపు, పోలీసు కేసు, ఇంట్లో కొట్టడం, ఇవి దీనికి మినహాయింపు. అప్పుడు గింజలు పక్కన పెట్టి, నేరుగా న్యాయ సహాయానికి, మహిళలైతే 181కి కలపాలి.)

మూడో వారం చేతులు ఆడించే పని. కుంగిన మనిషి 'మనసు బాగయ్యాక చేస్తా' అంటాడు. అది తిరగేసి చేయాలి. చేస్తూ ఉంటే మనసు వెనకాల వస్తుంది. పని చిన్నదిగా ఉండాలి. 'రోజూ వాకింగ్' కాదు, 'గురువారం అసర్ నమాజు తర్వాత నల్లా దాకా నడిచి, పక్కింటి ఖాలాతో రెండు మాటలు మాట్లాడి రావడం'. నాలుగో వారం ఎవరి తోడు అడగొచ్చో. ఐదో వారం వెనక్కి చూసుకోవడం. ఇవి రెండూ కాస్త వాటంతటవే నడుస్తాయి.

గ్రూపు మొదట్లో, చివర్లో కుంగుబాటును కొలిచే పీహెచ్‌క్యూ-9 లాంటి ప్రశ్నావళి నింపమని నిధులిచ్చేవాళ్లు అడుగుతారు. గత రెండు వారాల మీద తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం పది గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే ఆగి చూడాలి. బాగానే పనిచేస్తుంది, కానీ మే నెలలో టార్పాలిన్ కింద నిద్ర ఎవరికి పడుతుంది? బియ్యం అయిపోయిన ఇంట్లో 'ఆకలి ఎట్లా ఉంది' అన్న ప్రశ్నకి ఏం జవాబు? ఎండకీ పస్తుకీ కూడా మార్కులు పడతాయి. అంకెతో పాటు పక్కన కారణం రాయండి. తొమ్మిదో ప్రశ్న చచ్చిపోవాలన్న ఆలోచన గురించి. దానికి సున్నా కాని జవాబు వచ్చిందంటే మొత్తం ఎంతైనా సరే, ఆ మనిషితో ఆ రోజే విడిగా మాట్లాడాలి.

ఆ మాట ఎట్లా అడగాలో చాలామందికి బెరుకు. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని. అట్లా జరగదు. నేరుగా, మెల్లగా అడగాలి: "బతకడం వద్దనిపిస్తోందా? ఎట్లా అని ఆలోచించారా? ఇంతకుముందు ఎప్పుడైనా ప్రయత్నించారా?" ఉద్దేశం, పథకం రెండూ ఉన్నాయంటే ఒంటరిగా వదలకూడదు. ఇంట్లోని మందులు, పురుగుమందు వేరే ఇంటికి చేర్చాలి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి, అత్యవసరమైతే 108. రహస్యం ఎవరికీ చెప్పనని ముందే మాట ఇవ్వకండి. 'మీ ప్రాణానికి ప్రమాదం అనిపిస్తే మాత్రం ఒకరికి చెబుతాను' అని మొదటి రోజే చెప్పి ఉంచాలి. కేసవుతుందని ఇంటివాళ్లు దాస్తారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సెక్షన్ 115 ప్రకారం, ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. ఆ చట్టం సెక్షన్ 18 వైద్యం హక్కు 'ప్రతి వ్యక్తి'కీ అంటుంది. కౌంటర్ దగ్గర ఆధార్ అడిగినప్పుడు గుర్తు పెట్టుకోవాల్సిన మాట అది.

ఎర్రగడ్డ అనగానే మనవాళ్లు నవ్వుతారు, సినిమాల పుణ్యం. అక్కడి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థకి బాలాపూర్ నుంచి వెళ్లడం కనిపించినంత కష్టం కాదు. ఎల్బీనగర్ దాకా ఆటో, అక్కడ మెట్రో ఎర్ర లైను ఎక్కితే మారకుండా ఎర్రగడ్డ స్టేషన్‌లోనే దిగొచ్చు. గాంధీ, ఉస్మానియా ఆసుపత్రుల్లోనూ ఆ విభాగాలున్నాయి, పేరు చూసి భయపడేవాళ్లని అటు తీసుకెళ్లండి. తొమ్మిదికల్లా ఓపీ లైన్లో ఉండేలా చూసుకోండి. డాక్టరుకి దొరికేది కొన్ని నిమిషాలే కాబట్టి సగం కాగితం మీద ముందే రాసుకెళ్లాలి: ఎప్పట్నుంచి, ఎన్ని గంటల నిద్ర, ఏ మందులు వాడారు, చచ్చిపోవాలన్న మాట ఉందా, గర్భమా, పాలిచ్చే తల్లా. డిప్రెషన్ మందు గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, వికారం మాత్రం మొదటి వారమే వస్తుంది. ఈ ఒక్క ముక్క ముందు చెప్పకపోవడం వల్ల ఎక్కువమంది పదో రోజున మందు మానేస్తారు. ఇంటి నుంచి కదల్లేనివాళ్లకి టెలీమానస్ ఉంది, 14416. 2022 అక్టోబరులో మొదలైంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనూ మాట్లాడతారు. తాయెత్తు కట్టించుకుంటాం, దర్గాకి పోతాం, ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీస్తాం అంటే వద్దనకండి, మందుతో పాటు అదీ సాగనివ్వండి. గొలుసుతో కట్టేయడం దగ్గర మాత్రం రాజీ లేదు, అది 2017 చట్టం నిషేధించిన పని.

ఈ ఊరి చప్పుళ్లు విడిగా చెప్పుకోవాలి. దీపావళి బాంబులు, బరాత్‌లో పటాకుల సరాలు, శివార్లలో బండలు పేల్చడం, పేలిన ట్రాన్స్‌ఫార్మర్, శంషాబాద్‌లో దిగడానికి కిందికొచ్చే విమానం. పాతబస్తీలో రంజాన్ నెలంతా సహర్‌కి, ఇఫ్తార్‌కి సైరన్ మోగుతుంది. మనకి హలీమ్ గుర్తొస్తుంది, ఖార్కివ్‌లో బంకర్లో కూర్చుని వచ్చిన పిల్లకి వేరేది గుర్తొస్తుంది. 2025 మే 7న మాక్ డ్రిల్ సైరన్లు నగరంలో మోగినప్పుడు కూడా అంతే. చప్పుడు ఆపలేం, కానీ ముందే చెప్పొచ్చు. ఏ రోజు, ఏ టైముకి, ఎంతసేపు అని తెలిసిన చప్పుడు సగమే భయపెడుతుంది. అప్పటికీ మనిషి బిగుసుకుపోతే పట్టుకుని ఊపకండి. ఎదురుగా కూర్చుని, కనిపించేవి ఐదు చెప్పమనండి: బకెట్, చెప్పులు, తాడు మీద చొక్కా... తర్వాత ముట్టుకోగలిగేవి నాలుగు, వినిపించేవి మూడు. రాత్రి పీడకలతో లేస్తే లైటు వేసి, మొహం కడుక్కుని, "ఇది హైదరాబాద్, ఇవాళ బుధవారం" అని పైకి అనుకోవాలి. పడుకునే ముందు డబుల్ టీ, జర్దా పాన్ మానితే నిద్ర కొంత వస్తుంది. రెండూ నిద్ర చెడగొట్టేవే.

అర్ధరాత్రి యూనిఫాంలో వచ్చే తనిఖీ వీటన్నిటికన్నా పెద్ద చప్పుడు. స్టేషన్‌లో పరిచయం పెంచుకుని, వీలైతే పగలు రమ్మని, ఆడ కానిస్టేబుల్‌ని తెమ్మని అడగడం కూడా మానసిక ఆరోగ్యం పనే.

దుబాసీ దొరకలేదని ఇంట్లో పిల్లాణ్ని మధ్యలో పెట్టకండి. పదేళ్ల కూతురు నోటితో అమ్మకి 'చచ్చిపోవాలని ఉందా' అన్న ప్రశ్న వేయించకూడదు. చాలా ఏళ్లుగా ఉన్నవాళ్లకి మన దక్కనీ ఉర్దూ అర్థమవుతుంది, "నీంద్ ఆరీ క్యా ఆపా?" (నిద్ర పడుతోందా అక్కా?) అంటే చాలు. ఆడవాళ్లకి ఆడ దుబాసీ. సూడాన్, యెమెన్ విద్యార్థులకి దుబాసీని పెట్టేముందు అతని పక్షం ఏదో, దానివల్ల వాళ్లకి ఇబ్బంది ఉందో లేదో అడిగి తెలుసుకోండి, యుద్ధం హాస్టల్ దాకా వస్తుంది. దుబాసీకి డబ్బివ్వండి. అతనూ ఆ కథలే మోసుకుని ఇంటికెళ్తాడు.

యుద్ధం నుంచి తిరిగొచ్చిన పిల్లలున్న తెలుగు ఇళ్లలో గొడవ వేరు. పరామర్శకి వచ్చిన ప్రతి చుట్టం 'బాంబులు దగ్గర్నుంచి చూశావా?' అంటాడు. తల్లి, 'బతికొచ్చావు, దేవుడి దయ, ఇంకా ఏం దిగులురా?' అంటుంది. వాడి దిగులు సగం ఆగిపోయిన చదువు, సగం బ్యాంకు లోను, కొంచెం అక్కడే ఉండిపోయిన స్నేహితుడు. వచ్చిన మొదటి నెలలో నిద్ర పట్టకపోవడం, ఉలిక్కిపడటం జబ్బు కాదు, చాలామందికి దానంతటదే తగ్గుతుంది. నెల దాటినా తగ్గకపోతే, చదువూ తిండీ దెబ్బతింటుంటే అప్పుడు చూపించాలి. అమ్మానాన్నలకి చెప్పాల్సింది ఇంతే: చుట్టాల్ని రెండు వారాలు ఆపండి, లోను వాయిదా గురించి బ్యాంకుకి వాడితో పాటు వెళ్లండి, వాడు రాత్రి హాల్లో లైటు వేసుకుని పడుకుంటే కరెంటు బిల్లు ఎత్తకండి.

ఫోన్ చూడొద్దని ఎవరికీ చెప్పలేం, అవతల తల్లి ఉంది. కానీ రోజంతా వాట్సాప్‌లో శవాల వీడియోలు చూడటం తల్లి కబురు తెలుసుకోవడం కాదు. ఫోన్ చేసే టైము ఒకటి, వార్తలు చూసే టైము ఒకటి పెట్టుకోమనండి. సూడాన్ మనకన్నా మూడున్నర గంటలు వెనక, మయన్మార్ గంట ముందు. సూడాన్ వాడికి అర్ధరాత్రి దాకా మేలుకునే సాకు లేదు, మన ఎనిమిదింటికి అక్కడ సాయంత్రం నాలుగున్నర. కనిపించకుండా పోయినవాళ్ల గురించి 'ఇక లేడనుకో' అనే హక్కు మనకి లేదు, 'తప్పకుండా వస్తాడు' అనే హక్కూ లేదు. రెడ్‌క్రాస్ కుటుంబాల్ని వెతికి కలిపే సేవకి దరఖాస్తు పెట్టించడం చేయగలిగిన పని. పిల్లలు పక్క తడిపితే కొట్టొద్దని, వెక్కిరించొద్దని తండ్రికి చెప్పాలి. తుపాకీ ఆటలు ఆడితే ఎవరికీ దెబ్బ తగలనంతవరకు ఆడనివ్వాలి.

వాలంటీర్ల సంగతి. ఒకరికి ఒకేసారి ఒక గ్రూపు, విడిగా ముగ్గురు నలుగురు మనుషులు, అంతకు మించి వద్దు. సొంత నంబరు ఇవ్వొద్దు, సంస్థ ఫోన్ ఒకటి పెట్టి రాత్రి ఎనిమిదికి ఆపేయండి. ఆ తర్వాత అత్యవసరమైతే 14416, 108 అని కార్డు మీద రాసివ్వండి. వారానికోసారి పెద్దవాళ్ల దగ్గర కూర్చుని కేసులు చెప్పుకోవడం తప్పనిసరి. అది మానేసిన మూడో నెలకి వాలంటీర్ గ్రూపుకి ఆలస్యంగా రావడం మొదలవుతుంది, తర్వాత ఫోన్ ఎత్తడు.

ఐదో వారం అయ్యాక బిర్యానీ పెట్టి ఫొటోలు దిగి ముగించకండి. మూడు నెలలకి ఒక తేదీ ఆ రోజే రాసుకోండి, ట్యాంకర్ రోజు కాకుండా చూసి. మధ్యలో గ్రూపులో ఇద్దరు వారానికోసారి మిగతా ఆరుగురి గుడిసెలకి వెళ్లి వచ్చేలా జతలు కట్టండి. రిజిస్టర్‌లో పేర్లు వద్దు, నంబర్లు చాలు. పేర్లున్న కాగితం విడిగా తాళం కింద ఉండాలి, ఎవరు అడిగినా ఫొటో తీసి పంపకూడదు.